మోడలింగ్ అగ్రిమెంటులో తండ్రి సంతకం ఎందుకు?

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 19 ఏళ్లు, భీమవరంలో డిగ్రీ చదువుతోంది. తణుకులో ఒక చీరల షాపు ప్రకటనకు ఫొటోలు దిగింది. అవి చూసి ముంబయి మోడలింగ్ ఏజెన్సీ నుంచి అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. పోర్ట్‌ఫోలియోకు, అంటే ఏజెన్సీలకు చూపించే ఫొటోల ఆల్బమ్‌కు, 65 వేలు అన్నాడు. అడ్వాన్సుగా 10 వేలు పంపాం. ఇప్పుడు ఐదేళ్ల అగ్రిమెంటు పంపాడు. మధ్యలో మానేస్తే 5 లక్షలు కట్టాలట. మా ఆయన కూడా సంతకం పెట్టాలంటున్నాడు. అమ్మాయికి చాలా ఇష్టం, మాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీవారిని సంతకం పెట్టొద్దని చెప్పండి. మీ అమ్మాయికి 18 దాటాయి కాబట్టి చట్టం దృష్టిలో ఆమె సంతకం ఒక్కటే చాలు. మీరు పంపిన కాపీ ఆఖరి పేజీలో తండ్రి పేరు కింద ‘హామీదారు’ అని ఉంది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకోకపోతే హామీదారు బాధ్యత అసలు వ్యక్తి బాధ్యతతో సమానం. రేపు ఆ 5 లక్షల దగ్గర పేచీ వస్తే అమ్మాయిని వదిలేసి నేరుగా ఆయన మీదే దావా వేయొచ్చు. చదువుకునే పిల్లకు ఆస్తి ఉండదు, తండ్రికి పొలమో ఇల్లో ఉంటుంది. ఆ సంతకం అడగడానికి నాకు వేరే కారణం కనిపించడం లేదు.

ఇక 5 లక్షల సంగతి. రాసినంత మాత్రాన అంతా వసూలు కాదు. 74వ సెక్షన్ కింద ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది దానికి లోబడి సమంజసమైన పరిహారమే. అయినా ఆ కేసు కోసం ముంబయి చుట్టూ తిరగాల్సి వస్తే? వివాదాలన్నీ అక్కడి కోర్టులోనే అని ఏడో క్లాజులో ఉంది. అందుకే ఆ మొత్తాన్ని ఇప్పుడే కొట్టేయించాలి, రెండు నెలల నోటీసుతో తప్పుకోవచ్చని రాయించాలి.

అగ్రిమెంటు నడుస్తున్నంత కాలం వేరేచోట పనిచేయకూడదన్న షరతును కోర్టులు మామూలుగా తప్పుపట్టవు. కాబట్టి ఐదేళ్లు ఒప్పుకోకండి, ఏడాది చాలు. గడువు ముగిశాక కూడా కట్టిపడేసే షరతు మాత్రం 27వ సెక్షన్ కింద చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ ఆయన వ్యవహారాలు చూసిన ఏజెన్సీకీ మధ్య వచ్చిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఫొటోల క్లాజు. ‘అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా, సర్వహక్కులూ ఏజెన్సీవే’ అని రాశారు. మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు మీరే. ఆ ఒక్క వాక్యంతో ఆ హక్కు చేజారిపోతుంది. మన దగ్గర చేపల చెరువు లీజుకిచ్చేటప్పుడు ఎన్నేళ్లు, ఏడాదికెంత, ఎప్పుడు ఖాళీ చేయాలి అని రాసుకోకుండా ఇస్తామా? పిల్ల ఫొటోలకూ అంతే. ఏ ప్రకటనకు, ఎన్ని నెలలు, ఏ ఊళ్లలో, హోర్డింగులకా ఆన్‌లైన్‌కా అన్నది ప్రతి పనికీ విడిగా రాయించండి. తణుకు షాపుతో కూడా ఇప్పటికైనా ఒక కాగితం రాయించుకోండి.

అసలు మొదట్లోనే 65 వేల పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. మేకప్ లేకుండా, పగటి వెలుతురులో, ఖాళీ గోడ ముందు నిలబెట్టి ఎదురుగా, పక్కగా, నిలువెత్తున ఫోన్‌తో తీసిన ఫొటోలు మొదటి పరిశీలనకు సరిపోతాయి. నిజమైన ఏజెన్సీ అమ్మాయికి పని ఇప్పించి, అందులోంచి కమీషన్ తీసుకుంటుంది. పని చూపకముందే వేలకు వేలు అడిగేవాళ్లను నేను నమ్మను. కాబట్టి మిగతా 55 వేలు పంపకండి. కట్టిన 10 వేలకు రసీదు, ఏజెన్సీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, ఇప్పటిదాకా చేసిన పనుల వివరాలు మెయిల్‌లో అడగండి. చాటింగులు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరపొద్దు. జవాబు దాటవేస్తే, లేని ఏజెన్సీ అని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసం చేయాలనే డబ్బు తీసుకుని ఉంటే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం.

ఇంకో మాట అమ్మాయితో మీరే చెప్పండి. ‘లుక్ టెస్ట్’ అంటూ వాట్సాప్‌లో అరకొర దుస్తుల ఫొటోలు అడిగితే పంపొద్దు. షూటింగుకు ఇంట్లోవాళ్లను రావొద్దనే చోటికి వెళ్లొద్దు. ఒకవేళ ఇప్పటికే పంపేసి ఉంటే తిట్టకండి. తీసేటప్పుడు ఒప్పుకున్నా సరే, అలాంటి ఫొటోను ఆమె ఇష్టం లేకుండా బయటపెట్టడం అదే న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమే. బెదిరిస్తే మీ ఊరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, ముంబయి వెళ్లక్కర్లేదు.

లాయరు ఫీజు గురించి వెనకాడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా మీ దగ్గర్లోని కోర్టులో న్యాయ సేవల కార్యాలయంలో అడగొచ్చు. హామీదారు గడి తీసేసి, గడువు, పరిహారం, ఫొటోల క్లాజులు మార్చి ఇస్తే ఆ కాపీ నాకు పంపండి, సంతకం కంటే ముందే చదివి చెబుతాను. మార్చం అంటే ఆ అగ్రిమెంటు వద్దు.