ఓడ ఎక్కబోతున్న మేనకోడలికి

బరంపురం

చి. సౌ. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

మీ అత్తగారినీ మామగారినీ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 ఓడ మీద తీసుకెళ్తున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించి, "ఏడు రాత్రులు నీళ్ల మీదేనట్రా. వియ్యపురాలు ఉల్లిపాయ కూడా ముట్టదు, ఏం తిని బతుకుతుంది?" అంది. అందుకే ఈ ఉత్తరం.

మన గంజాం వాళ్లకి ఓడ కొత్తేమీ కాదు. మా తాత గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం, అదే రంగూన్, వెళ్లినవాడే. డెక్కు మీద చాప, మూటలో అటుకులూ బెల్లం, అంతే ఆయన సామాను. నేను ఇరవై రెండేళ్లు ప్రయాణికుల ఓడల్లో భోజనాల హాల్లో వడ్డించాను. కాబట్టి కంచానికి అవతలి వైపు నుంచి చెబుతున్నాను, విను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఓడలో ఇది అక్షరాలా నిజం. మీ అత్తగారి తిండి సంగతి కంపెనీకి ఇప్పుడే రాతపూర్వకంగా పంపండి. మొదటి రాత్రి భోజనానికి కూర్చోగానే హెడ్ వెయిటర్ని పిలిచి మళ్లీ చెప్పండి. పంపిన కాగితం వంటగదికి చేరిందిలే అని ఊరుకోవద్దు. రేపు రాత్రికి ఏం కావాలో ఈ రాత్రే చెప్పాలి. వేల మందికి వండే చోట అప్పటికప్పుడు పప్పు నానబెట్టే తీరిక ఎవరికీ ఉండదు. ముందురోజు చెబితే మాత్రం చేసిపెడతారు. వంటగదుల్లో మనవాళ్లు, ముఖ్యంగా గోవా వాళ్లు, చాలామంది కనిపిస్తారు. "ఇండియన్ ఫుడ్" అంటే ఉల్లీ వెల్లుల్లీ దట్టించిన మసాలా కూర వస్తుంది. "ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెసరపప్పు, అన్నం, పెరుగు" అని పేర్లు పెట్టి అడుగు.

"వెజిటేరియన్" అన్న మాటతో ఆపకు. మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి. సూప్ కూరగాయలదే అయినా అడుగున కోడి ఎముకల రసం ఉండొచ్చు. సీజర్ సలాడ్ మీద పోసేదాంట్లో, వూస్టర్ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. ఇక జెల్లీ. నేను చేరిన కొత్తలో ఒక పెద్దావిడకి పళ్ల జెల్లీ పెట్టాను, పళ్లే కదా అని. అందులో జెలటిన్ ఉంటుందనీ, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారనీ నాకు అప్పటికి తెలీదు. పక్క టేబుల్ ఆయన చెప్పాడు. ఆవిడ చెంచా నెమ్మదిగా పక్కన పెట్టేసింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు గానీ, దిగేదాకా నా చేత్తో ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంట్లో వండినవేవీ ఓడలోకి తీసుకెళ్లొద్దు. సీలు ఉన్న ఆవకాయ ప్యాకెట్టు, ఖాజాలు ఉంటే న్యూయార్క్‌లో దిగేటప్పుడు కస్టమ్స్ వాళ్లకి తప్పకుండా చెప్పాలి. అవతలి వీసా ముందే చేతిలో ఉండాలని అల్లుడికి నేను చెప్పక్కర్లేదు.

బఫే హాల్ దాదాపు రోజంతా తెరిచే ఉంటుంది. మామగారికి షుగరు కదా, భోజనం ఆలస్యమైతే అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది. అయితే అందరూ పట్టుకున్న గరిటెలే మీరూ పట్టుకుంటారు, కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజరు పెద్దగా పనిచెయ్యదు.

సాయంత్రం ఆరు దాటాక హాలుకి బట్టల నియమం ఉంటుంది. గాలా రాత్రుల్లో, అంటే ప్రత్యేక వేడుక రాత్రుల్లో, మరీను. దీనికి టెన్షన్ పడి కోట్లు కుట్టించకండి, మన పద్ధతి బట్టలైనా చెల్లుతాయి. మీ అత్తగారు మన కుంభం అంచు బరంపురం పట్టుచీర కట్టుకుని నడిస్తే హాలంతా తిరిగి చూస్తుంది. మామగారికి బంద్‌గలా చాలు. పట్టుపంచె కట్టుకుంటానంటే సంతోషమే గానీ, డెక్కు మీదకి మాత్రం రావద్దను. అట్లాంటిక్ గాలికి మర్యాద తెలీదు.

సముద్రం బాగా ఊగే రోజు మేం టేబుల్ గుడ్డలు తడిపి పరిచేవాళ్లం, కంచాలు జారకుండా. నీ టేబుల్ గుడ్డ తడిగా తగిలితే చాకలివాడి తప్పనుకోకు. ఈ ఓడ 345 మీటర్ల పొడుగు, అట్లాంటిక్ కోసమే కట్టింది. పక్కలకి ఊగకుండా నీళ్లలో రెక్కలున్నాయి, కానీ ముందుకీ వెనక్కీ తూగడాన్ని అవి ఆపలేవు. కేబిన్ ఖరారు కాకపోతే కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన అడగండి. వాంతి వచ్చాక మాత్ర వేసి లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఏ మాత్రో డాక్టర్ని అడగండి, పెద్దవాళ్లకి కొన్ని మత్తు తెస్తాయి. కడుపు ఖాళీగా ఉంచొద్దు. అల్లం ముక్క, ఉప్పు బిస్కెట్టు, దూరంగా సముద్రం అంచు మీద చూపు. తలుపు అంచు మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి వెయ్యొద్దు. ఓడ ఊపుకి విసురుగా మూసుకుంటే వేళ్లు పోతాయి.

పడమటికి వెళ్తారు కాబట్టి ఐదు రాత్రులు గడియారం గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. అంటే ఐదు రోజులకి ఇరవై ఐదేసి గంటలు. నిద్రకి హాయి, ఇన్సులిన్‌కి చిక్కు. టైము ఎలా సర్దాలో బయల్దేరేముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లూ ఉంటుంది, ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు. ఫోన్లు ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. టిప్పులు రోజుకింతని మీ ఖాతాలో వాటంతటవే పడతాయి. మళ్లీ చేతిలో పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. నేనైతే ఎవరి దగ్గరా ఎదురుచూసి తీసుకోలేదు.

ఒక ప్లాస్టిక్ మగ్గు మర్చిపోకుండా పెట్టుకో. నవ్వకు, రెండో రోజుకి నన్ను తలుచుకుంటావు. బాత్రూం గడప ఎత్తుగా ఉంటుంది, రాత్రి పెద్దవాళ్లు కాలు తన్నుకోకుండా లైటు వేసి ఉంచు. టాయిలెట్‌లో కాగితం తప్ప ఏమీ వెయ్యకు. ఒకడు వేస్తే ఆ వరసలో గదులన్నిటికీ ఇబ్బంది.

పొగమంచు పడితే రెండేసి నిమిషాలకి ఓడ కూత వేస్తుంది, రాత్రయినా సరే. అత్తగారికి ముందే చెప్పు, ప్రమాదం అనుకుని లేచి కూర్చుంటుంది. ప్రమాదం కూత వేరు, ఏడు పొట్టివి, ఒకటి పొడుగు. ఎక్కిన రోజు డ్రిల్లులో వినిపిస్తారు.

ఆఖరి రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు. తెల్లారితే కట్టుకునే బట్టలు కూడా సర్దేసి, నైట్ గౌనుతో దిగాల్సొచ్చినవాళ్లని చూశాను. మందుల సంచీ, పాస్‌పోర్టులు, స్వెట్టర్లు చేతిలోనే ఉంచుకోండి. స్వెట్టర్లు ఎందుకంటే, ఆ రోజు చీకటితోనే అందర్నీ లేపి పైడెక్కుకి తీసుకెళ్లాలి నువ్వు. న్యూయార్క్ ముఖద్వారంలో వెరజానో వంతెన కింద నుంచి వెళ్లేటప్పుడు ఈ ఓడ పొగగొట్టం తగిలిందేమో అనిపిస్తుంది. అక్కడ మామగారి మొహం ఒక ఫొటో తీసి నాకు పంపు.

మీ
మామయ్య