కొత్త కాఫీ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 33. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసు కింద ఉన్న కాఫీ షాపు వాళ్లు ఒక కొత్త ఎస్‌ప్రెసో పానీయాన్ని కొన్ని బ్రాంచీల్లోనే పెట్టి, తాగినవారి అభిప్రాయం అడుగుతున్నారు. మూడు షాట్ల ఎస్‌ప్రెసో, ఐసు, జీడిపప్పు పాలు, బెల్లం పాకం, పైన ఉప్పు కలిపిన క్రీము నురగ ఉంటాయి. రుచి బాగా నచ్చి రెండు వారాలుగా సాయంత్రం నాలుగున్నరకు రోజూ తాగుతున్నాను. ఉదయం ఇంట్లో రెండు ఫిల్టర్ కాఫీలు, మధ్యాహ్నం ఒక టీ మామూలే. తాగిన గంటకు గుండె దడదడలాడుతోంది, వేళ్లు వణుకుతున్నాయి, రాత్రి రెండు దాటితే గానీ నిద్ర పట్టడం లేదు. మా సహోద్యోగిని మైగ్రేన్‌కు వాడే ప్రొప్రానొలాల్ 10 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చింది. ఆరు రోజులుగా సాయంత్రం ఒకటి వేసుకుంటున్నాను, దడ తగ్గింది. రెండు షాట్లకు తగ్గించుకుని ఈ కాఫీ కొనసాగించవచ్చా? ఓట్స్ పాలతో అయితే మంచిదా? చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది గానీ ఇప్పుడు చలికాలంలో మాత్రమే ఇన్‌హేలర్ వాడతాను. గుండెజబ్బు, బీపీ లేవు.

జవాబు: మీరు చివరన ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఉబ్బసం మాట దగ్గరే నేను ఆగిపోయాను. కాఫీ గురించి తర్వాత చెబుతాను. ఉబ్బసం ఉన్నవారు ప్రొప్రానొలాల్ వేసుకోకూడదు. రోజుకు ఒక్క 10 మిల్లీగ్రాముల చొప్పున ఆరు రోజులే వాడారు, గుండెజబ్బు లేదంటున్నారు కాబట్టి, ఇక్కడితో మానేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మిమ్మల్ని చూడకుండా రాస్తున్న జవాబు ఇది కనుక, ఈ రోజే ఒక ఫిజీషియన్‌తోనో, ఛాతీ వైద్యులతోనో మాట్లాడండి, ఈ సాయంత్రం మాత్ర మాత్రం వేసుకోవద్దు. ఇదే మందును మైగ్రేన్‌కో, బీపీకో, గుండెకో డాక్టర్ రాసిస్తే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం ఇది చదివి తమంతట తాము మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి అది ప్రాణాపాయం కూడా కావచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. అడ్రినలిన్ మన ఒంట్లో బీటా గ్రాహకాల (కణాల మీద ఉండి దాని సంకేతాన్ని అందుకునే భాగాల) ద్వారా పని చేస్తుంది. గుండెలో అవి వేగాన్ని పెంచుతాయి, ఊపిరితిత్తుల్లో శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాలను సడలించి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. ప్రొప్రానొలాల్‌కు గుండె, ఊపిరితిత్తులు అన్న తేడా తెలియదు, రెండు చోట్లా అడ్డుపడుతుంది. మీకు దడ తగ్గింది అందువల్లే. అదే సమయంలో శ్వాసనాళాలు బిగుసుకుపోయే అవకాశమూ పెరిగింది. పైగా మీ దగ్గర ఉన్నది సాల్బుటమాల్ ఇన్‌హేలర్ అయితే, అది పని చేయాల్సింది కూడా సరిగ్గా ఆ గ్రాహకాల మీదే. అంటే ఉబ్బసం వచ్చిన రాత్రి మిమ్మల్ని కాపాడాల్సిన మందుకు మీరే ముందుగా దారి మూసేస్తున్నారు. ఆరు రోజులు ఏమీ కాలేదు కదా అనుకోవద్దు. జలుబు చేసిన రోజు, దుమ్ములో తిరిగిన రోజు, వాతావరణం చల్లబడిన రోజు ఇదే మాత్ర వేరుగా ప్రవర్తించవచ్చు.

కొన్నేళ్ల క్రితం రాత్రి డ్యూటీలో ఉండగా ఒంటిగంట ప్రాంతంలో ఒక యువకుడిని తీసుకొచ్చారు. మర్నాడు ఇంటర్వ్యూ ఉందని, చేతులు వణకకుండా ఉండేందుకు స్నేహితుడు చెప్పిన ఇదే మందు 40 మిల్లీగ్రాములు వేసుకున్నాడు. మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి కూర్చున్నాడు, ఊపిరికి రెండు మాటలకు మించి రావడం లేదు. చొక్కా జేబులో ఇన్‌హేలర్ ఉంది. ఎన్నిసార్లు పీల్చినా గుణం కనిపించక, అది అయిపోయిందనుకుని ఊపి చూసుకుంటూనే ఉన్నాడు. ఆక్సిజన్, బీటా గ్రాహకాలతో పని లేకుండా శ్వాసనాళాలను తెరిచే ఇప్రాట్రోపియం నెబ్యులైజేషన్, స్టెరాయిడ్ ఇంజక్షన్లతో తెల్లవారేసరికి కుదుటపడ్డాడు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని వాళ్ల అమ్మగారు చెప్పేదాకా ఆ సంగతి అతనికే గుర్తు లేదు.

మీ సహోద్యోగిని మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, ఆమెను తప్పు పట్టడం లేదు. కానీ అమ్మా, ఆమెకు ఆ మందు రాసే ముందు డాక్టర్ ఉబ్బసం ఉందా, నాడి మరీ నెమ్మదిగా కొట్టుకుంటుందా, షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నారా అని అడిగే ఉంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఆమెవి, మాత్ర మాత్రం మీ కడుపులోకి వెళ్లింది. ఇది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు. మందుల షాపులో కొనడానికే చీటీ కావాల్సినదాన్ని పక్క సీటు నుంచి తీసుకుని వేసుకోవడం చదువుకున్నవారిలోనే నేను ఎక్కువగా చూస్తున్నాను. గ్యాస్ మాత్ర, నిద్ర మాత్ర, యాంటీబయాటిక్, ఇప్పుడు దడ మాత్ర, అన్నీ అలాగే చేతులు మారుతున్నాయి.

దడ తగ్గింది కాబట్టి సమస్య పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. దడకు కారణం కాఫీయే కావచ్చు, మీరు చెప్పిన సమయాలను బట్టి నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పని చేయడం, గుండె లయ తప్పడం కూడా ఇలాగే మొదలవుతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మీ వయసు మహిళ దడ అంటే హిమోగ్లోబిన్ చూడకుండా ఏ డాక్టరూ ఊరుకోరు. దానితోపాటు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, ఒక ఈసీజీ, బీపీ చూపించుకోండి. ఈసీజీ తీసే ముందు ప్రొప్రానొలాల్ వాడిన సంగతి తప్పకుండా చెప్పండి, నాడి వేగం దానివల్ల మారి ఉంటుంది. గర్భం దాల్చే ఆలోచనో, అనుమానమో ఉంటే అదీ దాచకండి, అప్పుడు కెఫీన్ లెక్క వేరు.

ఇక మీరు అడిగిన కాఫీ. ఒక ఎస్‌ప్రెసో షాట్‌లో సుమారు 60 నుంచి 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోబస్టా రకం కాఫీ గింజలు ఎక్కువ కలిపితే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మన అరకులో పండే అరబికాతో పోలిస్తే రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. మూడు షాట్లంటే ఒక్క గ్లాసులోనే 180 నుంచి 225 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతులైన పెద్దలు ఒకేసారి 200, రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాముల వరకు తీసుకోవచ్చని, గర్భిణులు రోజుకు 200 దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మీ ఉదయపు కాఫీలు, టీ కలిపితే మీరు పైహద్దుకు దగ్గరగానే ఉన్నారు. ఆ హద్దు కూడా అందరికీ ఒకటి కాదు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ తీసుకుంటున్నవారిలో కెఫీన్ ఒంట్లో చాలా ఎక్కువసేపు నిలుస్తుంది.

మామూలుగా అయినా తాగిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. మీరు నాలుగున్నరకు తాగినదానిలో సగం రాత్రి తొమ్మిదిన్నరకు, పావు వంతు రెండున్నరకు మీ రక్తంలోనే ఉంటుంది. మీకు రెండు దాటితే గానీ నిద్ర పట్టకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదేమో. నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. చల్లటి తీపి పానీయంలో చేదు తెలియదు కాబట్టి మూడు షాట్లు నాలుగు నిమిషాల్లో లోపలికి పోతాయి. అదే వేడి ఫిల్టర్ కాఫీ అయితే ఊదుకుంటూ, ఆగుతూ తాగుతాం.

పాలు మార్చినంత మాత్రాన కెఫీన్ తగ్గదు, ఓట్స్ పాలైనా అంతే. రెండు షాట్లకు తగ్గించడం మంచిదే, దానికంటే ముఖ్యం సమయం మార్చడం. డాక్టర్ చూసి దడకు వేరే కారణం లేదని చెప్పాక, తాగాలనుంటే మధ్యాహ్నం లోపు తాగండి, ఆ రోజు ఇంటి కాఫీల్లో ఒకటి వదిలేయండి. అప్పటిదాకా రెండు వారాలు ఈ పానీయం మానేసి చూడండి. ఉదయం కాఫీలు కూడా ఒకేసారి ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది, వాటిని మెల్లగా తగ్గించండి. ఇంకా పరీక్షిస్తున్న పానీయం కాబట్టి ఈ వారం కలిపిన పాళ్లు వచ్చే వారం ఉండకపోవచ్చు, షాట్లు ఎన్నో ప్రతిసారీ అడగండి. జీడిపప్పు పాలు తాగాక నోరు దురద పెట్టినా, పెదవులు వాచినా, పిల్లికూతలు వచ్చినా మళ్లీ ముట్టుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారిలో జీడిపప్పు వంటి గింజల అలర్జీ తీవ్రంగా రావచ్చు.

కాఫీ తాగితే ఆయాసం తగ్గుతుందని కొందరు చెబుతుంటారు. కెఫీన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ ఒకే కుటుంబానివి కాబట్టి కొద్దిగా గుణం ఉన్న మాట నిజమే, అయినా అది ఇన్‌హేలర్‌కు బదులు కాదు. థియోఫిలిన్ ఉన్న డెరిఫిలిన్ వంటి మాత్రలు వాడుతుంటే మాత్రం కాఫీతో దడ మరింత ఎక్కువవుతుంది. ఆ సంగతీ మీ డాక్టర్‌కు చెప్పండి.

ఈలోగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, కూర్చుని ఉన్నప్పుడు కూడా దడ ఆగకపోయినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదటి మాటగా ప్రొప్రానొలాల్ వేసుకున్నానని, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్, మీ ఇన్‌హేలర్ రెండూ వెంట తీసుకెళ్లండి. చలికాలంలో మాత్రమే బయటికి తీసే ఇన్‌హేలర్ కదా, దాని మీద గడువు తేదీ ఎప్పటిదో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.