బాబుని బడికి పంపే ముందు పెద్దమ్మ చెప్పే సంగతులు

అమ్మలూ,

బాబు బడి వాళ్లు ఇచ్చిన రూల్స్ కాగితం వాట్సాప్‌లో పంపావు కదా, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. "ఒకటో తరగతికి ఇన్ని రూల్సేంటి పెద్దమ్మా, మన గుంటూర్లో మేం చదివినప్పుడు ఇవన్నీ ఉన్నాయా" అని అడిగావు. లేవు, నిజమే. కానీ నా ఉద్యోగమంతా ఈ బెంగళూరులోనే, అదీ ఒకటి రెండు తరగతుల పిల్లలతోనే గడిచింది కాబట్టి చెప్తున్నా, ఆ కాగితంలో ఉన్నవి చాలావరకు ఎప్పుడో ఎవరో పిల్లకి ఇబ్బంది జరిగి, అది మళ్లీ జరక్కూడదని పెట్టినవే. కొన్ని మారుమాట లేకుండా పాటించాలి, కొన్నింటి గురించి అడగాలి, ఒకటి రెండు విషయాల్లో మాత్రం బడి ఎంత పేరున్నదైనా నువ్వు తగ్గకూడదు. అల్లుడికి కూడా చదివి వినిపించు, పొద్దున్న దింపేది తనే కదా.

ముందు టైం సంగతి. గేటు 8:30కి మూస్తారని రాశారు. మారతహళ్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ టైంలో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, కాబట్టి 8:15కి గేటు దగ్గర ఉండేలా లెక్క వేసుకోండి. ఐదు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకుంటారు తల్లిదండ్రులు. ఆ మొదటి పావుగంటలో క్లాసులో జరిగేది ఇది: పిల్లలు బ్యాగు తగిలించి, డైరీ తీసి టీచర్ బల్ల మీద పెట్టి, సీసా కిటికీ దగ్గర పెట్టి వాళ్ల చోట కూర్చుంటారు, హాజరు పిలుస్తారు, బోర్డు మీద తారీఖు రాసి ఈ రోజు ఏం చేస్తామో చెప్తారు. ఇదంతా అయ్యాక లోపలికొచ్చిన పిల్లాడికి డైరీ ఎక్కడ పెట్టాలో, ఏ పుస్తకం తీయాలో తెలీదు, పక్కవాణ్ణి అడిగితే మాట్లాడుతున్నావేం అంటారు, అందరూ వాడి వంక చూస్తారు. అలాంటి రోజు వాడు స్నాక్స్ బ్రేక్ దాకా సర్దుకోలేడు. వారంలో రెండుసార్లు ఇలా అయితే మూడో వారానికి "బడికి వెళ్లను" అంటాడు, మనమేమో టీచరు ఏమైనా అందేమోనని అనుమానపడతాం.

దానికి మందు రాత్రి తొమ్మిదిలోపు పడుకోబెట్టడమే. బ్యాగు రాత్రే సర్దాలి, సర్దేది వాడు, నువ్వు పక్కన కూర్చుని టైంటేబుల్ చదువు, అంతే. నువ్వు సర్దితే ఏ పుస్తకం ఎక్కడుందో నీకు తెలుస్తుంది, వాడికి తెలీదు, క్లాసులో వెతుక్కోవాల్సింది వాడే.

గేటు దగ్గర ఏడుస్తాడు. ఏడవనీ. మొదటి రెండు వారాలు చాలామంది ఏడుస్తారు, తల్లి కనుమరుగైన కాసేపటికే ఎక్కువమంది ఊరుకుంటారు కూడా. ఒకసారి దగ్గరికి తీసుకుని, "మధ్యాహ్నం నేనే వస్తా, ఇదే గేటు దగ్గర ఉంటా" అని వాడికి అర్థమయ్యే ఒక్క మాట చెప్పి కదిలిపో. కిటికీలోంచి తొంగి చూడటం, ఇంకోసారి ముద్దు పెట్టడానికి వెనక్కి రావడం వద్దు, మళ్లీ మొదటికొస్తుంది. వాడు చూడనప్పుడు చెప్పకుండా జారుకోవడం అంతకన్నా చెడ్డది, మర్నాడు నీ చున్నీ వదలడు. మనసు ఆగకపోతే పదింటికి ఆఫీసుకి ఫోన్ చేసి అడుగు, ఏ బడి వాళ్లయినా చెప్తారు.

ఇక డబ్బా. ఇది చిన్న విషయం అనుకుంటావు గానీ నేను చూసిన ఏడుపుల్లో సగం డబ్బా దగ్గరే. నాలుగు వైపులా క్లిప్పులుండి, గాలి కూడా పోకుండా మూసుకునే డబ్బా కొంటారు, సాంబారు కారకూడదని. ఆరేళ్ల పిల్లల వేళ్లకి ఆ క్లిప్పు రాదు. మా క్లాసులో ఒక పిల్ల రోజూ అన్నం తినకుండా తిరిగి తీసుకెళ్లేది, వాళ్లమ్మ కూర నచ్చట్లేదేమోనని రోజుకో వంట మార్చింది. ఒకరోజు దగ్గర కూర్చుని చూస్తే, ఆ పిల్ల బొటనవేలు ఎర్రగా కందేదాకా మూత లాగి, రాక, ఎవరినీ అడగడానికి సిగ్గుపడి, డబ్బా ఒళ్లో పెట్టుకుని బెల్లు కొట్టేదాకా అలా కూర్చుంది. మూత తేలిగ్గా వచ్చే డబ్బా తెచ్చిన రోజు నుంచీ మొత్తం తినేసేది. అందుకని జూన్ రాకముందే ఇంట్లో నేల మీద కూర్చోబెట్టి, వాడే డబ్బా తెరిచి, వాడే తిని, వాడే మూత పెట్టి, చేతులు కడుక్కునేలా రోజూ చేయించు. గడియారం చూసుకో, బడిలో అన్నానికి దొరికేది ఇరవై ఐదు నిమిషాలే అనుకో. నువ్వు కలిపి నోట్లో పెట్టే అలవాటు ఇప్పుడే మానాలి తల్లీ, అక్కడ నలభై మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు.

పులుసు, పల్చటి పెరుగన్నం వద్దు. పులిహోర, ముక్కలు చేసిన ఇడ్లీ, చపాతీ చుట్ట, ఇవి సులువు. చిప్స్, నూడుల్స్ వద్దన్నారు కాబట్టి వద్దు, ఒక్కడు తెస్తే పక్కన పదిమంది ఇంటికెళ్లి పేచీ పెడతారు. పల్లీలు, జీడిపప్పు తేకూడదని, ఒకరి డబ్బాలోది ఒకరు తినకూడదని కూడా ఉంది చూడు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. పంచుకుని తినడం మంచి అలవాటే కదా అని నువ్వు రాశావు, ఇంట్లో మంచిదే. పల్లీలు పడని పిల్లకి ఒక్క ముక్క చాలు ఊపిరాడకపోవడానికి. బాబుకి ఏదైనా పడకపోతే అడ్మిషన్ ఫారంలోనూ, టీచరుకి విడిగా చీటీ మీదా, రెండు చోట్లా రాసివ్వు.

బాత్రూం సంగతి ఎవరూ మాట్లాడరు. యూనిఫాం నిక్కరుకి గట్టి హుక్కు, దాని మీద బెల్టు ఉంటే వాడు విప్పుకునేలోపే తడుపుకుంటాడు, ఆ సిగ్గు చాలా రోజులు పోదు. ఎలాస్టిక్ ఉన్నది ఇవ్వచ్చేమో అడుగు, చిన్న తరగతులకి మామూలుగా ఒప్పుకుంటారు. కొత్త పిల్లలు అడగడానికి భయపడి ఇంటికొచ్చేదాకా ఆపుకుంటారు, నీళ్లు తాగడం కూడా మానేస్తారు, సీసా నిండుగా తిరిగొచ్చిందంటే అర్థం అదే. వాడికి ఇంగ్లీషులో ఒక ముక్క, కన్నడంలో ఒక ముక్క నేర్పు. ఆయాలకి చాలామందికి కన్నడమే వచ్చు, "అక్కా, నీరు బేకు" (నీళ్లు కావాలి), "టాయ్‌లెట్‌గె హోగబేకు" (టాయ్‌లెట్‌కి వెళ్లాలి), ఈ రెండూ వస్తే చాలు వాడి రోజు గడుస్తుంది.

కన్నడం అంటే గుర్తొచ్చింది, అది తప్పించే మార్గం ఉందా అని అల్లుడు అడిగాడట. లేదు, తప్పించాల్సిన అవసరమూ లేదు. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం ప్రతి బడిలోనూ కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాల్సిందే. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఇంట్లో నువ్వు తెలుగు అక్షరాలు దిద్దిస్తే బడిలో కన్నడ అక్షరాలు సగం వచ్చినట్టే, తలకట్టు దగ్గర కొన్నాళ్లు తడబడతాడు, అదీ సర్దుకుంటుంది. వాడి ముందు మాత్రం "ఈ కన్నడం ఒకటి మన ప్రాణానికి" అని అనొద్దు. మనం ఏది బరువంటే పిల్లలకి అదే బరువు.

బ్యాగు బరువు గురించి నువ్వు అడగొచ్చు, అడగాలి కూడా. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో ఒకటి రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు, మొత్తం మీద పిల్లల బరువులో పదో వంతు మించకూడదని ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2019లోనే ఒకటి రెండు తరగతులకి రెండు కిలోలు దాటొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఇంట్లో కాటా మీద ఒకసారి బ్యాగు పెట్టి చూడు. తరచూ బడి వాళ్ల తప్పు కన్నా మన తప్పే ఉంటుంది, లీటరు స్టీలు సీసా, రెండంతస్తుల పెన్సిల్ బాక్సు, అవసరం లేని పుస్తకాలు. అవన్నీ తీసేశాక కూడా బరువుంటే అప్పుడు డైరీలో రాయి. అదే పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని కూడా ఉంది. అయినా చాలా బడులు ఇస్తాయి. ఇస్తే పావుగంట కూర్చోబెట్టు, వాడికి వచ్చినంత రాయనీ, మిగిలింది రాయలేదని డైరీలో ఒక వాక్యం రాసి సంతకం పెట్టు. నువ్వు మాత్రం వాడి చెయ్యి పట్టుకుని రాయించకు, నువ్వు రాసి ఇవ్వకు. నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలు చూసి టీచరు వాడికి వచ్చనుకుని ముందుకెళ్లిపోతుంది, నష్టపోయేది వాడే.

జ్వరం వస్తే పంపొద్దు. పొద్దున్న ఏడింటికి పారాసిటమాల్ సిరప్ పోసి పంపేవాళ్లు ఎంతమందో, పదకొండింటికి మందు ప్రభావం తగ్గేసరికి ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడి బల్ల మీద తల వాల్చేస్తుంది, మాకు చూడగానే తెలిసిపోయేది. మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం రాలేదంటేనే పంపాలి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా ఇంట్లోనే. చేతులు, పాదాలు, నోట్లో పొక్కులొచ్చే జబ్బు ఈ ఊళ్లో చిన్నపిల్లల్లో తరచూ వస్తుంది, అలాంటిదేదైనా కనిపిస్తే టీచరుకి వెంటనే చెప్పు, దాచకు. మందులు బ్యాగులో పెట్టి పంపడం అసలు వద్దు, డాక్టరు చీటీతో పాటు ఆఫీసులో ఇవ్వు.

ఏదైనా నచ్చకపోతే ముందు క్లాస్ టీచరు, తర్వాత కోఆర్డినేటరు, ఆ తర్వాతే ప్రిన్సిపాల్. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టకు. "మీ పిల్లాడికి కూడా ఇలాగే జరిగిందా" అని ఒకరు మొదలెడితే రాత్రి పదకొండింటికి రెండొందల మెసేజ్‌లు అవుతాయి, మర్నాడు ఆ టీచరు మొహం చూడలేవు. ఇంకో పిల్లాడు మన బాబుని నెట్టాడని గేటు దగ్గర ఆ పిల్లాడిని నిలదీయొద్దు, వాళ్లమ్మనీ నిలదీయొద్దు, టీచరుకి చెప్పు. పీటీఎంలో, అంటే తల్లిదండ్రులు టీచరుని కలిసే మీటింగులో, నీకు దొరికేది పది నిమిషాలు. మార్కులు డైరీలోనే ఉంటాయి, వాటి గురించి అడిగి ఆ టైం పోగొట్టుకోకు. ఎవరి పక్కన కూర్చుంటాడు, ఆటకి పిలుస్తారా, అర్థం కాకపోతే చెయ్యెత్తుతాడా, అన్నం పూర్తి చేస్తాడా, ఇవి అడుగు. ఇవి టీచరుకి తప్ప ఇంకెవరికీ తెలీవు.

తగ్గకూడదు అన్నది ఇదీ. కొట్టడం. గిల్లడం, చెవి మెలేయడం, ఎండలో నిలబెట్టడం, ఫీజు కట్టలేదని అందరి ముందూ పేరు చదవడం, "నీకు చదువు రాదు" అని రోజూ అనడం, ఇవన్నీ కూడా. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 17 శరీరాన్ని బాధపెట్టడాన్నీ మనసుని హింసించడాన్నీ రెండింటినీ నిషేధించింది. "మా కాలంలో కొట్టకపోతే చదువొచ్చేదా" అని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అంటే వినకు. బాబు చెప్పింది పూర్తిగా విను, మధ్యలో "నువ్వేం చేశావు" అని అడగకు, అడిగితే ఇక జన్మలో చెప్పడు. మర్నాడే వెళ్లి ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకో. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. కదలిక లేకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, ఎప్పుడైనా ఎత్తుతారు.

సెలవుల గురించి ఒక మాట. ఇక్కడి బడులు సంక్రాంతికి సాధారణంగా ఒక్క రోజే ఇస్తాయి, మన దగ్గరలాగా వారం పది రోజులు ఉండదు. ఇది తెలీక ప్రతి ఏటా మనవాళ్లు జనవరిలో పిల్లలకి జ్వరమని రాసి ఊరెళ్తారు, తిరిగొచ్చిన రోజే ఆ పిల్లలు "మ్యామ్, మేం రైల్లో మా తాతయ్య వాళ్లింటికి వెళ్లాం, గాలిపటం ఎగరేశాం" అని చెప్పేస్తారు. వాడి చేత అబద్ధం చెప్పించకు. దసరా సెలవులు ఇక్కడా ఎక్కువ రోజులే, ఊరి ప్రయాణం అప్పుడు పెట్టుకోండి, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి క్యాలెండర్ చేతికి రాగానే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు చూసుకోమను అల్లుణ్ణి. సంక్రాంతికి తప్పదనుకుంటే నాన్నగారు రమ్మన్నారని ఉన్నదున్నట్టు లీవ్ లెటర్ డిసెంబరులోనే ఇవ్వు, పోయిన పాఠాలు అడిగి రాసుకో.

బండి మీద దింపేటప్పుడు వాడికి కూడా హెల్మెట్ ఉండాలి, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ చట్టం అదే. ఆటో మాట్లాడితే ఎంతమంది పిల్లల్ని ఎక్కిస్తున్నాడో ఒకరోజు నీ కళ్లతో చూసి అప్పుడు ఒప్పుకో. చివరి పేజీలో పిల్లాణ్ణి తీసుకెళ్లేవాళ్ల ఫొటోలు, ఫోన్ నెంబర్లు అడిగారు కదా, మీ ఇద్దరివే రాశావు. ఇద్దరూ ఆఫీసులో ఇరుక్కుని, సిల్క్ బోర్డ్ దగ్గర వానకి రోడ్డు నిలిచిపోతే ఏం చేస్తారు? కార్డు లేకుండా సొంత తాతయ్య వచ్చినా పంపరు, పంపకూడదు కూడా. మూడో పేరు నాది రాయి. ఫొటో, ఆధార్ కాపీ ఈ రాత్రికే పంపిస్తాను, ఫారం సోమవారం లోపు ఇచ్చెయ్.

మీ పెద్దమ్మ