సంక్రాంతి భోజనాల బల్ల: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

రాజమండ్రి

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. గాజు కూజాలో నిలువెత్తు ఎండు గడ్డిపూలు, సువాసన కొవ్వొత్తుల స్టాండు, మెరుపు చల్లిన థర్మోకోల్ తామరలు. "సంక్రాంతికి భోజనాల బల్ల మధ్యలో పెట్టడానికి వీటిలో ఏది ఆర్డర్ పెట్టమంటావు పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఇప్పటికి ఏదీ పెట్టకు. మీ అత్తమామలు, అమ్మానాన్నలు, ఆడపడుచు కుటుంబం, అందరూ మొదటిసారి మీ ఫ్లాటులో పండుగ భోజనానికి కూర్చుంటున్నారు. బల్ల బాగుండాలని నువ్వు ఆరాటపడటం సహజం, చూస్తే నాకూ ముచ్చటగా ఉంది. కాలేజీలో హోమ్‌సైన్స్ చెప్పేటప్పుడు పూల అమరిక పాఠంలో పిల్లల చేత ముందు బల్ల కొలతలు రాయించేదాన్ని. పూల సంగతి ఆ తర్వాతే. నువ్వూ అలాగే మొదలుపెట్టు.

మీ బల్ల ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు అన్నావు కదా. ఒక అరిటాకు పరిచి చూడు. ఆకు నిడివి ఒకటిన్నర అడుగులు అనుకుంటే పొడుగువైపు ఒక్కో పక్కన ముగ్గురు సరిగ్గా సరిపోతారు. ఆకు వెడల్పు సుమారు అడుగు. అటు అడుగు, ఇటు అడుగు పోతే మధ్యలో మిగిలేది అడుగు. అందులో రెండు వైపులా మంచినీళ్ల గ్లాసులు పెట్టాలి. ఇక నీ అలంకారానికి దక్కేది ఆరు అంగుళాలు, మహా అయితే ఏడు. ఫొటోల్లోని ఆ గుండ్రటి కూజాలేవీ అందులో పట్టవు. పట్టించాలని చూస్తే ఎవరి ఆకో అంచు దాటి ఒళ్లోకి వేలాడుతుంది, చారు అక్కడి నుంచే కారుతుంది. అందుకే నీకు కావలసింది సన్నగా, పొడుగ్గా, పొట్టిగా ఉండేది. రెండడుగుల పొడవు, అర అడుగు వెడల్పు అని గుర్తు పెట్టుకో.

గిన్నెలు ఎక్కడ పెట్టాలి అంటావేమో. బల్ల మీద పెట్టకు. కూర్చున్నవాళ్లే గిన్నెలు అందుకుని వడ్డించుకుంటే మధ్యలో పువ్వు పెట్టడానికి కూడా చోటుండదు. మనకి వడ్డన ఉంది. ఒకరు అన్నం, ఒకరు పులిహోర, ఒకరు దప్పళం పట్టుకుని తిరుగుతారు. అందుకని వంటగది గట్టు మీదో, గోడవారగా పక్కబల్ల మీదో గిన్నెలన్నీ పెట్టించు. బల్ల నడుమ అంతా నీ చేతికి వస్తుంది. పదిమందిని ఒకేసారి ఇరికించకు. పెద్దవాళ్లని, పిల్లల్ని మొదటి బంతిలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్లు రెండో బంతికి కూర్చోండి. బంతికి బంతికి మధ్య ఆకులు ఎత్తేటప్పుడు చుక్కలు పడతాయి, చేతులు తగులుతాయి. నీ అలంకారం ఆ రద్దీని తట్టుకోవాలి. ఒక్క చేత్తో ఎత్తి పక్కన పెట్టి, బల్ల తుడిచి, మళ్లీ పెట్టగలిగేలా ఉండాలి.

ఇంక ఎత్తు. కుర్చీలో కూర్చుని మోచెయ్యి బల్ల మీద ఆనించు, అరచెయ్యి పైకి చాపు. నీ మణికట్టు కంటే ఎత్తుగా ఏదీ ఉండకూడదు. నేనైతే జానెడు దాటనివ్వను. ఎదురుగా కూర్చున్న మీ మామగారు పూలగుత్తి పక్కనుంచి తొంగి చూసి మాట్లాడాల్సి వస్తే ఆ పూలు ఎంత అందమైనవైనా దండగే. పిల్లలు ఇంకా పొట్టిగా ఉంటారు, వాళ్ల కళ్లకి ఏం కనబడుతుందో కూడా కూర్చుని చూసుకో.

ఇప్పుడు నేను చెయ్యమనేది విను. కార్తీకమాసంలో మనం అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతాం కదా, ఆ దొప్పే. అరటి బోదె తెప్పించుకుంటే పొర పొరగా విడిపోతుంది. పైపొర ముదురుగా, గీతలు పడి ఉంటుంది, అది తీసెయ్యి. లోపలి పొర తెల్లగా, నున్నగా, తొట్టిలాగా వంపు తిరిగి వస్తుంది. రెండడుగుల ముక్క కోసుకో. అది బల్ల మీద అటూ ఇటూ దొర్లకుండా అడుగున మరో చిన్న దొప్ప ముక్కని బోర్లించి, పెద్దదాన్ని దాని మీద కూర్చోబెట్టి అరటి నారతో కట్టెయ్యి. ఆ దొప్పలో నీళ్లుంటాయి కాబట్టి కాడలు గుచ్చిన పూలు మధ్యాహ్నం దాకా వాడవు. కాడ బలహీనంగా ఉంటే ఈనెపుల్ల తోడిచ్చి గుచ్చు. గుండుసూదులు మాత్రం వద్దు, పిల్లలున్న బల్ల. పూలబొకేల అడుగున పెట్టే ఆకుపచ్చ స్పాంజి కూడా వద్దు, అది పొడిపొడిగా రాలుతుంది. అన్నం తినే చోట దానికేం పని?

దొప్పతో ఒక జాగ్రత్త ఉంది. అరటి జిగురు బట్టకి అంటితే మరక పోదు. కోసిన అంచుల్ని కడిగి, కాసేపు ఆరనిచ్చి, కింద ఒక ఆకు ముక్క పరిచాకే పెట్టు. బల్ల మీద వేసే బట్ట విషయంలో నా మాట విను. పెడన కలంకారీ నాకు ప్రాణం, కానీ ఆకుపచ్చ అరిటాకుల పక్కన అంత నిండు అచ్చు వేస్తే కళ్లు దేని మీదా నిలవవు. పైగా చారు పడితే ఉతకాలి, కొత్త బట్ట అయితే రంగు దిగుతుందేమోనని బెంగ. మంగళగిరి నూలు బట్ట, నిజాం బార్డరుది, తెలుపో లేత పసుపో, మధ్యలో సన్నగా ఒక పట్టీలా వెయ్యి. ఆకులు వట్టి బల్ల మీదే ఉండనీ.

దొప్పలో ఏం పెట్టాలంటే, మొదట వరి కంకులు. ఈ పండుగే పంట ఇంటికొచ్చిన పండుగ. మా వైపు సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యాక మంచి కంకులు ఏరి కుచ్చులు అల్లి, పిచ్చుకలు తింటాయని వసారాలో వేలాడదీస్తారు. ఆ కంకులే నీ బల్ల మధ్యకి రావాలని నా కోరిక. పిడికెడు కంకుల్ని రెండు భాగాలు చేసి, వెన్నులు అటూ ఇటూ బయటికి వంగేలా, కాడలు నడుమ కలిసేలా పడుకోబెట్టు. కాడలు కలిసిన చోట నాలుగైదు పసుపుపచ్చ చేమంతులు, రెండు మూడు ఎర్ర బంతులు గుచ్చు. అంతకు మించి పూలు వద్దు. వరి రంగు పూలలో మునిగిపోతే చేసిన పని వృథా. కంకులకి నూగు ఉంటుంది, ఒంటికి తగిలితే దురద. బాల్కనీలో ఒకసారి గట్టిగా దులిపి, పొడి గుడ్డతో తుడిచి, రాలే గింజలన్నీ అక్కడే రాలనిచ్చాక లోపలికి తీసుకురా. వడ్డించిన పెరుగన్నంలో వడ్లగింజ పంటికింద పడకూడదు కదా.

ఈ కాలంలో చేమంతి, బంతి బాగా దొరుకుతాయి. మాకు కడియపులంక పక్కనే ఉంది, మీకు హైదరాబాదులో గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. మార్కెట్ పూల మీద మందులు కొట్టి ఉంటారు, కాబట్టి తెచ్చాక నీళ్లలో రెండుసార్లు జాడించు, పూరేకు ఏదీ ఆకుల మీద పడకుండా చూడు. ఆకుల చుట్టూ రేకులు చల్లే ఫ్యాషను నాకు నచ్చదు. ఫ్యాను వేస్తే అవి నేరుగా పప్పులోకే. లిల్లీలు, సన్నజాజులు, ఘాటు వాసన ఉన్నవేవీ భోజనాల దగ్గర పెట్టకు. కొత్త బెల్లంతో చేసిన పరమాన్నం, నేతిలో వేగిన జీడిపప్పు వాసన ముందు రావాలి. సువాసన కొవ్వొత్తులు వద్దంటున్నదీ అందుకే. గన్నేరు మాత్రం ఎంత బాగున్నా ముట్టుకోకు. అది పువ్వు, ఆకు, కాడ అంతా విషమే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విరగబూసే పచ్చగన్నేరు పూలు కూడా అలాంటివే, తుంచితే పాలు కారతాయి. ఇవి తినే చోటికి అసలు రానివ్వకు.

ఇంకో విషయం నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ఫొటోల్లో ఒకచోట బల్ల మధ్యలో కలశం, కొబ్బరికాయ, కుందిలో దీపం పెట్టి అలంకారం అన్నారు. అది చెయ్యకు. బల్ల మీద అందరి చేతులూ ఎంగిలి చేతులే. దేవుడి దగ్గర ఉండాల్సినవి అక్కడ పెడితే మీ అత్తగారు పైకి ఏమీ అనకపోయినా మనసులో నొచ్చుకుంటారు, మీ అమ్మయితే అనేస్తుంది కూడా. గొబ్బెమ్మలు ముగ్గులోనే ఉండాలి. బల్ల మీద పెట్టిన పూలు తర్వాత దేవుడికి పనికిరావు కాబట్టి పూజ పూలు ముందే విడిగా తీసి పెట్టు. సంక్రాంతి రాత్రి భోజనానికి వెలుగు కావాలనిపిస్తే లోతైన గాజు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, మీద వాసన లేని తేలే మైనపు దీపం వెయ్యి. మంట గ్లాసు అంచు కంటే బాగా కిందుగా ఉండాలి. వడ్డించేవాళ్ల పమిట కొంగు బల్ల మీదకి వంగుతుంది, పక్కనే ఎండు కంకులున్నాయి, జ్ఞాపకముంచుకో. ఆ రాత్రికి కంకుల దొప్ప తీసి పక్కన పెట్టి, గ్లాసులు మాత్రమే ఉంచితే నాకు నిశ్చింత.

కనుమ నాడు మళ్లీ అదే పెట్టకుండా బొమ్మలు పెట్టు. మీ అమ్మ దగ్గర కొండపల్లి ఎడ్లబండి ఉంది, అడిగి తెప్పించుకో. కనుమ పశువుల పండుగ కదా, ఆ ఎడ్లబండికి అంతకంటే తగిన రోజు లేదు. సన్నటి చెక్క మీద కాస్త వరిగడ్డి పరిచి, ఎడ్లబండి నిలబెట్టి, బండిలో నాలుగు వరి వెన్నులు వేస్తే చాలు. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు, తేలిగ్గా ఉంటుంది. చేతులు, కాళ్లు, కొమ్ములు విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అందుకని వాటికి తడి పనికిరాదు. తడి చేత్తో తాకొద్దని పిల్లలకి ముందే చెప్పు. కొత్తవి కొనాలనుంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనుక్కో. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణె పట్టి, లక్కలో సహజ రంగులు కలిపి పూస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ఆంధ్ర శకటం వాటిదే. నున్నగా, మెరుస్తూ ఉంటాయి, ఒక చుక్క పడ్డా పొడిగుడ్డతో తుడిస్తే సరి. మీ ఆడపడుచు వాళ్లది నిర్మల్ వైపు అన్నావు. వాళ్లనే అడిగి ఒక నిర్మల్ బొమ్మ తెప్పిస్తే ఆ అమ్మాయి ఎంత సంతోషిస్తుందో. రెండు ఊళ్ల బొమ్మలు ఒక బల్ల మీద పక్కపక్కన ఉండనీ. కానీ ఊరంతా పెట్టాలని చూడకు. అది బొమ్మల కొలువు అవుతుంది, దానికి హాల్లో వేరే చోటుంది.

బల్ల చివర, ఎవరూ కూర్చోని ఆ మూడడుగుల వైపు, నీకు గుండ్రటి ఇత్తడి తాంబాళం పెట్టుకోవచ్చు. చింతపండుతో తోమి మెరిపించు. అందులో ఒక చిన్న గుమ్మడికాయ, రేగుపళ్లు, పసుపు మొక్క దుంపతో సహా దొరికితే అది, బెత్తెడు చెరుకు ముక్కలు. చెరుకు కోసిన చోట తీపి ఊరుతుంది, చీమలు పడతాయి. అందరూ కూర్చోవడానికి పావుగంట ముందు కోసి పెట్టు. భోజనాలయ్యాక పిల్లలు ఆ చెరుకు నములుతారు, గుమ్మడికాయ మర్నాడు కూరలోకి వెళ్తుంది. పారెయ్యాల్సింది ఏదీ ఉండదు. నీకు రెండు రోజుల పండుగ అలంకారానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టాల్సిన పని లేదని నా లెక్క.

పని ఎప్పుడు చెయ్యాలంటే, ముందు రోజు సాయంత్రం కంకులు దులిపి, దొప్ప కోసి తడిగుడ్డ చుట్టి ఉంచు. పండుగ పొద్దున్న స్నానం, పూజ అయ్యాక అమర్చడానికి అరగంట చాలు. అంతకంటే ఎక్కువ పడుతోందంటే ఎక్కువ పెడుతున్నావని అర్థం, రెండు తీసెయ్యి. అన్నం వార్చాక ఇక బల్ల ముట్టుకోకు. వేడి వేడిగా వడ్డించు.

మీ నాన్న భోగికి ముందు రోజు రాత్రి బస్సుకి బయలుదేరుతున్నాడు. వరి కంకులు పాత పేపర్లో చుట్టి, అరటి బోదె ముక్క గోనెపట్టాలో కట్టి అతని చేతికిస్తాను. రేపు ఆకు పరిచి, గ్లాసులు పెట్టి, మధ్యలో ఎన్ని అంగుళాలు మిగిలిందో కొలిచి ఫోన్ చెయ్యి. దాన్ని బట్టి బోదె ఎంత లావుది కొట్టించాలో చూస్తాను.

మీ ఆయనకి, పిల్లలకి నా ఆశీస్సులు చెప్పు.

మీ పెద్దమ్మ