కుదుపు తెలియని కట్

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్‌లో ఇద్దరు మాట్లాడుకునే సీను ఉంది. ఒకరి డైలాగ్ అవగానే రెండోవారికి కట్ చేస్తుంటే ప్రతిచోటా కుదుపు తెలుస్తోంది. జె కట్, ఎల్ కట్ వాడమంటున్నారు. ఎలా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బొమ్మా శబ్దం ఒకే ఫ్రేములో మారడం వల్ల వచ్చే కుదుపు అది. ముందు కట్‌లన్నీ ఇప్పుడున్నట్టే ఉంచి సీను వరస ఖాయం చేసుకోండి. తర్వాత ఆడియో, వీడియోల లింకు తీసేసి, రోల్ టూల్‌తో (రెండు క్లిప్పుల మధ్య కట్‌ని అటూ ఇటూ జరిపే టూల్) బొమ్మ కట్‌ని మాత్రమే జరపండి. కుడికి జరిపితే రెండోవారి మాట ముందు వినపడి, మనిషి తర్వాత కనిపిస్తారు. అది జె కట్. ఎడమకు జరిపితే మొదటివారు మాట్లాడుతుండగానే వినేవారి ముఖం వస్తుంది. అది ఎల్ కట్. సెకనుకు 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో 8 నుంచి 12 ఫ్రేములతో మొదలుపెట్టి చూడండి.

‘నాన్నకి చెప్పావా?’ అనే డైలాగ్ ఉందనుకోండి. ‘నాన్నకి’ దగ్గరే అవతలి ముఖానికి వెళ్తే, ‘చెప్పావా’ అనేసరికి ఆ కళ్లు వాలిపోవడం దొరుకుతుంది. సీనుకి ప్రాణం అదే. అన్ని కట్‌లకూ ఇలా చేయకండి, గొడవ పడే సీన్లలో బొమ్మా శబ్దం ఒకేసారి మారే మామూలు కట్ పదునుగా ఉంటుంది.

జరపడానికి ఫ్రేములు మిగలాలి కదా! డైలాగ్‌కి ముందూ వెనకా 3, 4 సెకన్లు కెమెరా నడవనివ్వండి. ఇంత చేసినా కుదుపు పోకపోతే చెవితో వెతకండి. ఒక షాట్‌లో ఫ్యాను హోరు ఉండి పక్కదాంట్లో లేకపోతే ఏ కట్టూ దాగదు. తీసిన చోటే అందరినీ కదలకుండా ఉంచి 30 సెకన్ల రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినపడే సన్నని శబ్దం) రికార్డు చేసుకుని, సీను పొడవునా కింద పరవండి. ఆడియో అతుకుల దగ్గర 2 ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుంటే రెండోది పెరగడం) వేస్తే టిక్కుమనే చప్పుడు పోతుంది.

ప్రశ్న: వైడ్ షాట్‌లో గ్లాసు ఎత్తి క్లోజప్‌కి వెళ్తే, రెండుసార్లు ఎత్తినట్టు ఉంటోంది. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చెయ్యి కదులుతుండగానే కట్ చేయాలి. వైడ్‌లో గ్లాసు మూడో వంతు దూరం లేచేదాకా ఉంచి, క్లోజప్‌ని అదే ఎత్తు నుంచి అందుకోండి. తర్వాత 2, 3 ఫ్రేములు అటూ ఇటూ జరిపి చూడండి. లెక్కకు సరిపోయిన చోటు కంటికి సరిపోకపోవచ్చు, కంటి మాటే వినండి. షూటింగ్‌లో రెండు షాట్లకూ పని మొత్తం అదే చేత్తో, అదే వేగంతో చేయించాలి. కెమెరా కదపకుండా కాస్త జూమ్ చేసి తీస్తే మాత్రం జంప్ కట్ (బొమ్మ ఉన్నచోటే గెంతినట్టు కనిపించడం) తప్పదు. కెమెరాని కనీసం 30 డిగ్రీలు పక్కకు జరపండి.

ప్రశ్న: ఫోన్‌లో తీసిన ఇంటర్వ్యూకి రికార్డర్ ఆడియో మొదట్లో కలిసి, పోనుపోను తప్పుతోంది. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ (మారకుండా ఉండే ఫ్రేమ్ రేటు) ఎంచుకుని, మారిన ఫైలుతోనే ఎడిటింగ్ మొదలుపెట్టండి. రికార్డర్ సాంపిల్ రేటుని 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. అప్పటికీ ఒకటి రెండు ఫ్రేముల తేడా మిగిలితే, మాటల మధ్య ఖాళీ దగ్గర ఆడియోని కోసి జరపడం తేలిక.