రికార్డు వెనక పక్కన ఉండిపోయిన పాట

ప్రశ్న: 1970ల నాటి సాఫ్ట్ రాక్ పాటలు ఇష్టంగా వింటాను. హిట్ కావలసిన లక్షణాలన్నీ ఉండి కూడా ఆ రోజుల్లో మరుగున పడిపోయిన పాట ఒక్కటి చెప్పమంటే మీరు దేన్ని చెబుతారు? దానికి ఆ గతి ఎందుకు పట్టింది?

జవాబు: ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందం వారి ‘సిల్వర్ స్ప్రింగ్స్’. ఈనాటి అభిమానులకు అది బాగా తెలిసిన పాటే గాని, 1977లో ప్రపంచమంతా విన్న ‘రూమర్స్’ ఆల్బమ్‌లో దానికి చోటు దక్కలేదు. గిటారిస్టు లిండ్సే బకింగ్‌హామ్‌తో తన అనుబంధం తెగిపోయాక గాయని స్టీవీ నిక్స్ రాసిన పాట ఇది. ప్రాధేయపడుతున్నట్టు మెల్లగా మొదలై, చివరికి వచ్చేసరికి అవే మాటలను మళ్లీ మళ్లీ, ప్రతిసారీ మరింత గొంతెత్తి పాడుతూ శాపం పెడుతున్నంత తీవ్రతకు చేరుతుంది.

ఆల్బమ్ నుంచి తప్పించడానికి ముఖ్యంగా చెప్పిన కారణం నిడివి. ఎల్పీ అనే పెద్ద గ్రామఫోను రికార్డులో ఒక్కో పక్కను సుమారు 20 నిమిషాలకు మించి పొడిగించేకొద్దీ గాడులను ఇరుకుగా చెక్కవలసి వస్తుంది, శబ్దం బలహీనపడుతుంది. అందువల్ల దాదాపు 5 నిమిషాల ఈ నిదానపు పాటను తీసేసి, నిక్సే అంతకుముందెప్పుడో రాసుకున్న ‘ఐ డోంట్ వాంట్ టు నో’ అనే చిన్న పాటను ఆ స్థానంలో పెట్టారు.

1976 డిసెంబరులో ‘గో యువర్ ఓన్ వే’ విడి రికార్డుగా వచ్చినప్పుడు దాని వెనక పక్కన ‘సిల్వర్ స్ప్రింగ్స్’ను వేశారు. ఆ మొదటి పాట అదే ఎడబాటు గురించి బకింగ్‌హామ్ రాసినది. అంటే ఒక పక్క అతని నింద, తిప్పి వేస్తే ఆమె జవాబు! ఇంతకన్నా చక్కని జత అనుకున్నా కుదరదు. కానీ రేడియోలో మోగేది మొదటి పక్కే కనుక, అతని పాట అమెరికా హిట్ పాటల పట్టికలో 10వ స్థానం దాకా వెళ్లగా, ఆమె పాట రికార్డు తిప్పి చూసే ఓపిక ఉన్నవారికే మిగిలింది.

నిడివి కారణం ఆల్బమ్‌కు వర్తిస్తుందని ఒప్పుకుంటాను. అయితే తర్వాత దాన్నే ప్రధాన గీతంగా విడుదల చేయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. నెమ్మదిగా సాగే పాట హిట్ కాదనుకుంటే, 4 నిమిషాలు దాటిన ‘డ్రీమ్స్’, అదీ నిక్స్ రాసిందే, 1977లోనే అమెరికాలో మొదటి స్థానానికి చేరింది కదా.

1991లో తన సొంత సంకలనంలో చేర్చుకోవడానికి నిక్స్ ఈ పాట అడిగితే, బృందం తరఫున రాబోతున్న సంపుటి కోసం బృందం డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ ఇవ్వనన్నారు. ఆమె బృందాన్ని వదిలి వెళ్లడానికి ఆ తగాదా కూడా ఒక కారణం. మళ్లీ అందరూ కలిసి 1997లో చేసిన ‘ది డ్యాన్స్’ కచేరీలో, చివరి చరణాలను ఆమె బకింగ్‌హామ్ వైపు తిరిగి, చూపు తిప్పకుండా పాడారు. ఆ ప్రదర్శనకు గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

చాలామంది ఈ కచేరీ రూపాన్నే ముందు వింటారు. మీరు మాత్రం, 2004లో ‘రూమర్స్’ను మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చిన పాత స్టూడియో రికార్డింగుతో మొదలుపెట్టండి. కచేరీలో కోపం ముందుకొస్తుంది. స్టూడియోలో పాడినప్పుడు ఆ కోపం కింద ఇంకా ఆశ వినిపిస్తుంది.