బట్టల షోరూంకి రూటర్, స్విచ్‌లు: రూ.40 వేలలో ఏం కొనాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది రెండంతస్తుల బట్టల షోరూం. కింద 4 బిల్లింగ్ కౌంటర్లు, పైన ఆఫీసులో ట్యాలీ నడిచే 3 కంప్యూటర్లు, ఒక ప్రింటర్, కొత్తగా పెట్టబోయే 12 ఐపీ కెమెరాలు. ఒక డీలర్ పెద్ద బ్రాండ్ సామానుకి రూ.1.10 లక్షల కొటేషన్ ఇచ్చాడు. తెలిసినవాళ్లేమో రూ.1,500 వైఫై రూటర్ ఒకటి పెట్టుకుంటే చాలన్నారు. కేబులింగ్ కాకుండా రూ.40 వేలలో పని అవుతుందా అని అడిగారు.

అవుతుందండి. గుంటూరు, పల్నాడు వైపు షాపులకు, ల్యాబులకు, మిల్లులకు నేను చేసేది ఈ పనే. మీ సైజు వ్యాపారానికి లక్ష రూపాయల సామాను అక్కర్లేదు, అలాగని ఇంటి రూటర్‌తో నెట్టుకురావడమూ కష్టమే. బట్టల షాపు రోజు మొత్తం మీద వాడే ఇంటర్నెట్ నిజానికి చాలా తక్కువ. అదే సంక్రాంతి ముందు శనివారం సాయంత్రం బిల్లింగ్ పావుగంట ఆగిందంటే కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు చీరలు అక్కడే పెట్టి వెళ్లిపోతారు. అందుకే కొనే ప్రతి వస్తువునీ ఒకటే ప్రశ్నతో చూడండి: దీనివల్ల బిల్లింగ్ ఆగే అవకాశం తగ్గుతుందా, లేదా?

రూటర్ సంగతి ముందు చూద్దాం. రెండు ఇంటర్నెట్ లైన్లు పెట్టుకునే వీలు ఉండాలి, ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారాలి. టీపీ-లింక్ ఒమాడా ఈఆర్605 ఇందుకు బాగా సరిపోతుంది. ఐదు గిగాబిట్ పోర్టులు (సెకనుకి 1000 మెగాబిట్ల వేగంతో వైరు గుచ్చే చోట్లు) ఉంటాయి, ధర రూ.5-6 వేల మధ్య పలుకుతోంది. అందులో వైఫై లేదని చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. లేకపోవడమే మేలు, ఎందుకంటే రూటర్ ఉండాల్సింది ఆఫీసు ర్యాక్‌లో, వైఫై రావాల్సింది షోరూం సీలింగ్ మీద నుంచి. లాత్వియా కంపెనీ మైక్రోటిక్ వాళ్ల హెక్స్ కూడా దాదాపు ఇదే ధరలో వస్తుంది, పనితనంలో ఇంకా మెరుగు. నాకు చాలా ఇష్టమైన రూటర్ అది. అయినా షాపులకు పెట్టమని చెప్పను. దాని సెట్టింగులు తెలిసిన మనిషి ఊళ్లో లేకపోతే చిన్న మార్పుకి కూడా మీరు ఎవరి కోసమో ఎదురుచూడాలి.

లైన్ మారే సెట్టింగ్‌లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన దగ్గర ఇంటర్నెట్ పోయిందంటే ఎక్కువసార్లు మీ షాపు దగ్గర వైరు తెగి కాదు, ఎక్కడో అవతల ఆగిపోయి. మీ మోడెం లైటు మాత్రం పచ్చగానే వెలుగుతూ ఉంటుంది. రూటర్ ఆ లైటునే నమ్ముకుంటే రెండో లైనుకి ఎప్పటికీ మారదు. బయట ఏదో ఒక అడ్రస్‌కి, అంటే గూగుల్‌వాళ్ల 8.8.8.8 లాంటిదానికి, పింగ్ చేసి (జవాబు వస్తోందో లేదో అడిగి) చూసి మారేలా పెట్టించండి. పెట్టాక మొదటి లైను ఫైబర్ వైరు మోడెం వెనక నుంచి లాగేసి, మీ కళ్లముందే ఒక బిల్లు కొట్టి చూపించమనండి.

రెండో లైను కూడా ఫైబరే తీసుకోవాలా? మన ఊళ్లలో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. రెండు కంపెనీల లైన్లూ ఒకే స్తంభం మీద వస్తుంటే గాలివానకు రెండూ కలిసే తెగుతాయి. మీ వీధిలో అదే పరిస్థితి అయితే రెండోదిగా సిమ్ వేసుకునే 4జీ రూటర్ పెట్టుకోండి. బిల్లింగ్‌కి, కార్డ్ మెషీన్‌కి అది ధారాళంగా సరిపోతుంది.

ఇక కెమెరాల స్విచ్. స్విచ్ అంటే చాలా వైర్లని ఒకే నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె. చవకలో కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కెమెరాకి కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్‌లోనే పంపేది పీఓఈ స్విచ్. డబ్బా మీద 16 పోర్టులు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. మొత్తం మీద ఎన్ని వాట్లు ఇవ్వగలదో డేటాషీట్‌లో ఎక్కడో ఉంటుంది. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, 802.3ఏటీ అయితే 30 వాట్లు. చవక స్విచ్ ఏ ఒక్క పోర్టుకైనా అంత ఇవ్వగలదు గానీ, అన్ని పోర్టులకూ ఒకేసారి ఇవ్వలేదు.

ఒక రైస్ మిల్లులో జరిగింది చెబుతాను. 8 కెమెరాలు, పగలంతా అన్నీ శుభ్రంగా పనిచేసేవి. చీకటి పడగానే రెండు మూడు ఆరిపోయేవి, కాసేపటికి వచ్చేవి, మళ్లీ పోయేవి. పెట్టినవాళ్లు కెమెరాలు మార్చారు, కేబుల్ కూడా కొత్తది లాగారు. నేను వెళ్లి సాయంత్రం స్విచ్ ముందు నిలబడి చూస్తే, బయట మసక పడేకొద్దీ ఒక్కో పోర్టు లైటు ఆరుతూ మళ్లీ వెలుగుతోంది. స్విచ్ మొత్తం బడ్జెట్ 60 వాట్లు. పగలు ఒక్కో కెమెరా 4-5 వాట్లు తీసుకుంటుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే 9 వాట్ల దాకా వెళుతుంది. 8 కెమెరాలకు 72 వాట్లు కావాలి, స్విచ్ దగ్గర అంత లేదు, అందుకే కొన్ని పోర్టుల్ని ఆపేస్తోంది. స్విచ్ మార్చాక పాత కెమెరాలే, పాత కేబులే మళ్లీ మామూలుగా పనిచేశాయి.

మీ లెక్క ఇలా వేసుకోండి. 12 కెమెరాలు, ఒక్కోటి రాత్రిపూట 9 వాట్లు అనుకుంటే 108. రెండు వైఫై యాక్సెస్ పాయింట్లకు (సీలింగ్ మీద నుంచి వైఫై ఇచ్చే పెట్టెలకు) ఇంకో 25. మొత్తం 133. కొంచెం మిగులు ఉండేలా 160 వాట్లకు తగ్గని స్విచ్ చూడండి. స్పీడ్ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవచ్చు. 4 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265లో (వీడియోని కుదించే పద్ధతి) సెకనుకి 4-6 మెగాబిట్లు పంపుతుంది, కాబట్టి కెమెరా పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయినా ఢోకా లేదు. కెమెరాల వీడియో దాచే రికార్డర్‌కి (ఎన్‌వీఆర్), కంప్యూటర్ల స్విచ్‌కి వెళ్లే రెండు పోర్టులు మాత్రం గిగాబిట్ అయి ఉండాలి. 16 పీఓఈ పోర్టులు 100 ఎంబీపీఎస్, పైన రెండు గిగాబిట్ ఉన్న రకం రూ.12-14 వేలకు దొరుకుతుంది. అన్నీ గిగాబిట్ ఉన్నదానికి ఇంకా చాలా పెట్టాలి, మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రమాణం పేరు లేకుండా ఊరికే పీఓఈ అని రాసి ఉన్న అతి చవక స్విచ్‌ల జోలికి వెళ్లొద్దు. వాటిలో కొన్ని అవతల ఏముందో కనుక్కోకుండానే ఎప్పుడూ కరెంటు పంపుతూ ఉంటాయి. ఎవరైనా ల్యాప్‌టాప్ తెచ్చి ఆ వైరు గుచ్చితే దాని పోర్టు కాలిపోవచ్చు.

కంప్యూటర్లకు మామూలు స్విచ్ చాలు, అందులోనూ స్మార్ట్ రకం, అంటే సెట్టింగులు మార్చుకునే వీలున్నది, తీసుకోండి. 8 పోర్టుల గిగాబిట్ మామూలు స్విచ్‌కి రూ.1,500 అటూ ఇటూ అయితే, స్మార్ట్ స్విచ్ రూ.2,500-3,000 ఉంటుంది. టీపీ-లింక్, డీ-లింక్, నెట్‌గేర్ మూడింటిలోనూ ఉన్నాయి, ఏదైనా ఫరవాలేదు. పైకి ఒకటి, కిందికి ఒకటి. ఆ తేడా డబ్బు ఎందుకు పెట్టాలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో చూశాను. టేబుళ్లు సర్దాక కింద వేలాడుతున్న వైరు కొసని ఎవరో ఖాళీగా ఉన్న సాకెట్‌లో గుచ్చారు. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. అంతే, ల్యాబ్ మొత్తం ఆగిపోయింది. రిపోర్టులు రావు, ప్రింటర్ పలకదు. వాళ్లు ఇంటర్నెట్ పోయిందనుకుని కంపెనీకి ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో మహా వేగంగా కొట్టుకుంటుంటే అది లూప్ అని గుర్తుపట్టొచ్చు. స్మార్ట్ స్విచ్‌లో లూప్ ప్రివెన్షన్ ఆన్ చేసి ఉంటే ఆ ఒక్క పోర్టుని ఆపేసి మిగతా పని సాగనిస్తుంది.

స్మార్ట్ స్విచ్‌తో ఇంకో ఉపయోగం, వీల్యాన్, అంటే ఒకే నెట్‌వర్క్‌ని విడి విడి భాగాలుగా చేయడం. బిల్లింగ్, ట్యాలీ ఒక వైపు, కెమెరాలు ఇంకో వైపు, కస్టమర్లకు వైఫై ఇస్తే అది వేరే. ఒకదాంట్లో ఉన్నవాళ్లకు ఇంకోటి కనపడదు. కొనేవాళ్ల ఫోన్లు, మీ ట్యాలీ డేటా ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం అసలు మంచిది కాదు. కొటేషన్లలో పదే పదే కనిపించే 16 జీబీపీఎస్ స్విచింగ్ కెపాసిటీ గురించి మాత్రం ఆలోచించకండి. 8 పోర్టులు, రెండు దిక్కులా ఒక్కో గిగాబిట్, ఆ గుణకారమే అది. ఈ రకం స్విచ్‌లన్నిటికీ అదే అంకె ఉంటుంది.

వైఫైకి అంతస్తుకొకటి చొప్పున సీలింగ్ యాక్సెస్ పాయింట్ పెడితే చాలు, ఒక్కోటి రూ.4-5 వేలు. వాటి డబ్బా మీద ఉండే ఏసీ1200 అంటే రెండు వైఫై బ్యాండ్ల స్పీడ్లూ కలిపి రాసిన లెక్క, మీ ఫోన్‌కి అంత రాదు. బిల్లింగ్, ట్యాలీ కంప్యూటర్లు మాత్రం కచ్చితంగా వైరు మీదే ఉండాలి. ట్యాలీ డేటా ఒక కంప్యూటర్‌లో ఉండి మిగతావాళ్లు దాంట్లోకి ఎంట్రీలు కొడుతుంటే, మధ్యలో వైఫై ఒక్క క్షణం పోయినా డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

కేబులింగ్ మీ బడ్జెట్‌లో లేదన్నారు గానీ, దాని గురించి చెప్పకుండా ఉండలేను. మంచి స్విచ్ కొని నాసిరకం కేబుల్ వేస్తే స్విచ్ డబ్బు కూడా దండగే. మార్కెట్‌లో క్యాట్6 అని అమ్మే చవక బాక్సుల్లో చాలావరకు అల్యూమినియం తీగకి రాగి పూత వేసినవే. అసలు రాగి బాక్సుతో పోలిస్తే సగం ధర కూడా ఉండదు. ఒక తీగ తొక్క ఒలిచి బ్లేడుతో గట్టిగా గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. అల్యూమినియం తీగ రెండు మూడుసార్లు వంచితే విరిగిపోతుంది, పీఓఈ కరెంటు దూరం వెళ్లేసరికి తగ్గిపోతుంది, వేడెక్కుతుంది కూడా. గోడల్లో, ఫాల్స్ సీలింగ్‌లో ఒకసారి వేశాక మళ్లీ తీసేది లేదు కాబట్టి పని మొదలయ్యే రోజున మీరే దగ్గరుండి గీకి చూడండి. ఏ లైనూ 100 మీటర్లు దాటకూడదు. గోడౌన్ పక్క బిల్డింగ్‌లో ఉండి, దాని కరెంటు మీటర్ వేరైతే రెంటి మధ్యా రాగి వైరు లాగొద్దు, ఫైబర్ లాగించి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ వైరుకి కలిపే డబ్బాలు) పెట్టించండి. పిడుగులు పడే రోజుల్లో ఆ ఒక్క రాగి వైరు మీదుగా వచ్చిన కరెంటుకి స్విచ్, రికార్డర్ రెండూ పోతాయి.

కరెంటు గురించి ఇంకో మాట. షాపులో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అంటారు. మామూలు మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, పైకి రావడానికి రెండు మూడు నిమిషాలు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటుంది, అది వేసి చూడండి. అయినా ఆగుతుంటే మోడెం, రూటర్, స్విచ్‌లకు కలిపి 1 కేవీఏ యూపీఎస్ ఒకటి, రూ.4-5 వేలు. ర్యాక్‌ని రేకుల కింద, షట్టర్ పైన, మూసేసిన అలమారలో పెట్టకండి, మన మే నెల ఎండలకు తట్టుకోవు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ సిస్కో స్విచ్‌లు చవగ్గా వస్తాయని మీ డీలర్ అన్నాడని రాశారు. వస్తాయి, నేర్చుకునేవాళ్లకు అవి మంచివే. షాపుకి వద్దు. ఫ్యాన్ మోత ఎక్కువ, కరెంటు ఎక్కువ తాగుతాయి, వాటిలో చాలా మోడళ్లకు కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. అప్‌డేట్ల విషయం తేలిగ్గా తీసుకోకండి. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చొరబడిందని సిస్కో కంపెనీ భద్రతా పరిశోధన విభాగం ట్యాలోస్ బయటపెట్టింది. అవి ఎక్కువగా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రూటర్లే, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న బ్రాండ్లవే. అందరూ రూటర్లు రీబూట్ చేయమని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పెట్టిన రోజునే డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్పించి, బయటి నుంచి రూటర్ సెట్టింగుల్లోకి వచ్చే దారి మూయించి, ఆ కొత్త పాస్‌వర్డ్ రాసుకుని మీ దగ్గరే ఉంచుకోండి. ఫోన్‌లో కెమెరాలు చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లకీ తెరుచుకునే దారి పెట్టడం) చేస్తామంటే ఒప్పుకోవద్దు, రూటర్‌లోని వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) ద్వారా పెట్టమనండి. దానికి మీ ఇంటర్నెట్ కంపెనీ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఇస్తుందో లేదో ముందే అడగాలి, కొన్ని ప్లాన్లలో అది విడిగా కొనుక్కోవాలి.

మొత్తం వేస్తే రూటర్ 6 వేలు, స్మార్ట్ స్విచ్‌లు రెండు 6 వేలు, పీఓఈ స్విచ్ 13 వేలు, యాక్సెస్ పాయింట్లు 9 వేలు, యూపీఎస్ 5 వేలు. రూ.39 వేలు. ధరలు వారం వారం మారుతుంటాయి, వెయ్యి రెండు వేలు అటూ ఇటూ అనుకోండి. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పరికరం సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, కాంపోజిషన్‌లో ఉంటే రాదు.

పీఓఈ స్విచ్ ఆర్డర్ పెట్టేముందు మీరు చూస్తున్న ఎన్‌వీఆర్ మోడల్ నంబర్ ఇక్కడ రాయండి. కొన్నింటికి వెనకాలే 16 పీఓఈ పోర్టులు ఉంటాయి. కెమెరా వైర్లన్నీ ఆఫీసులో ఒకేచోటికి తెచ్చే వీలుంటే ఆ రకం తీసుకుని, స్విచ్ డబ్బు మొత్తం రాగి కేబుల్‌కి మళ్లించవచ్చు.